సకలేశపుర వైపు రెండు రోజుల ఆఫ్‌రోడ్, టెంట్ క్యాంపు: మొదటిసారి వెళ్తున్నాం, ప్లాన్ చూసి చెప్పండి

జిమ్నీ_వైట్‌ఫీల్డ్

అందరికీ నమస్కారం. బండి కొని ఎనిమిది నెలలైంది. ఇంతవరకు ఫోర్ వీల్ లివర్ లాగింది రెండే రెండుసార్లు, అదీ మా అపార్ట్‌మెంట్ వెనక కొత్తగా వేస్తున్న లేఅవుట్ మట్టిలో. ఈసారి నిజంగా కొండల్లోకి వెళ్లాలని ఉంది. నవంబరు రెండో శని, ఆదివారాలు అనుకున్నాం. మూడు బండ్లు: నా జిమ్నీ, ఆఫీసు ఫ్రెండ్‌ది థార్ డీజిల్, మా బావగారి పాత డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్. పెద్దవాళ్లం ఆరుగురం, పిల్లలు ముగ్గురు. అందరికంటే చిన్నది ఐదేళ్ల పాప.

ప్లాన్ ఇది. శనివారం పొద్దున ఐదింటికి బయలుదేరి నైస్ రోడ్డు మీదుగా నెలమంగళ, అక్కడి నుంచి కుణిగల్, చెన్నరాయపట్న, హాసన్ దాటి సకలేశపుర. మధ్యాహ్నం భోంచేసి, దగ్గర్లో ఒక గడ్డి కొండ ఉంది, వీడియోలో చూశాం, జీపులు నేరుగా పైదాకా ఎక్కుతున్నాయి, అది ఎక్కి అక్కడే టెంట్లు వేసుకుని, పొద్దున మంచులో సూర్యోదయం చూసి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. ఏం సామాను కావాలి, పిల్లలతో వెళ్లొచ్చా, డస్టర్ ఆ కొండ ఎక్కుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మట్టిరోడ్డు

మంచి పని చేస్తున్నారు, ముందే అడిగారు. నేను అడిగేది ఒక్కటే. ఆ కొండ ఎవరిది? వీడియోలో కొండ కనిపిస్తుంది గానీ అది రిజర్వ్ ఫారెస్టా, గోమాళమా (ఊరి పశువుల మేత భూమి), ఎవరి పట్టా భూమో కనిపించదు. అది తేలకుండా మిగతా ప్లాన్ మాట్లాడి లాభం లేదు.

రెండోది టైమ్. వైట్‌ఫీల్డ్ నుంచి మీకు దాదాపు 250 కిలోమీటర్లు. పిల్లలతో టిఫిన్‌కి ఒకసారి, టీకి ఒకసారి ఆగితే సకలేశపుర చేరేసరికి పన్నెండు. భోజనం అయ్యేసరికి రెండు. నవంబరులో అక్కడ ఆరింటికే చీకటి పడుతుంది, కాఫీ తోటల మధ్య అయితే ఇంకా ముందే. అంటే మీకు దొరికేది మూడున్నర గంటల వెలుతురు. అందులో తెలియని కొండ ఎక్కి, టెంట్లు వేసి, వంట మొదలుపెట్టాలి.

నాలుగేళ్ల కింద నేను ఇదే తప్పు చేశాను. రెండు బండ్లతో వెళ్లి సాయంత్రం ఐదుంపావుకి, ఇంకొక్క మలుపే కదా అని ముందుకు పోయాం. ఆ మలుపులో నా బండి ఎడమ చక్రాలు వాన కోసిన గాడిలోకి జారాయి. లాగడానికి మా దగ్గర ఉన్నది మామూలు నైలాన్ తాడు, మూడుసార్లు తెగింది. బయటపడేసరికి రాత్రి పదకొండు. మా ఆవిడ, పిల్లాడు అంతసేపూ చలిలో పక్క బండిలో కూర్చున్నారు. ఆ రోజు నుంచి నాలుగింటి తర్వాత కొత్త దారిలోకి బండి దింపను.

అడయార్_థార్

చెన్నై నుంచి చెబుతున్నా. మేం ఎక్కువగా జవ్వాది కొండలు, ఏలగిరి వెళ్తుంటాం. మీకు కూడా బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి మీదుగా ఏలగిరి దగ్గరే. 14 హెయిర్‌పిన్ మలుపులు, పైన టెంట్లు అద్దెకిచ్చే చోట్లు ఉన్నాయి. ఇంకా కావాలంటే కొల్లి కొండలు, 70 మలుపులు. జవ్వాదిలో కావలూరు అబ్జర్వేటరీ దగ్గర ఆకాశం అంత స్పష్టంగా మా సిటీలో ఎప్పుడూ చూడలేదు. పిల్లలకు చాలా నచ్చుతుంది.

హోసూరు_గూర్ఖా

అడయార్ బ్రదర్, ఆ మూడూ మంచి చోట్లే, కానీ వాళ్లడుగుతున్నది వేరు. ఏలగిరి, కొల్లి రెండూ తారు రోడ్లు. మలుపులు నేర్పుతాయి, మట్టి నేర్పదు. హార్సిలీ హిల్స్ కూడా అంతే. దాని పాత పేరు ఏనుగుమల్లమ్మ కొండ, మన ఆ కొండంటే నాకు ప్రాణం, 1,265 మీటర్ల పైదాకా మంచి రోడ్డు, అయితే రోడ్డు దిగితే అంతా అడవే, బండి దించకూడదు. ఊటీ వైపు ఆలోచన ఉంటే 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి, బందీపూర్ దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూసేస్తారు, అది 2009 నుంచీ ఉంది. కాబట్టి సకలేశపుర ఆలోచన తప్పు కాదు. చోటు మార్చుకోవాలి, అంతే.

అడవిబాట

నేను బండివాడిని కాదు, పదిహేనేళ్లుగా పడమటి కనుమల్లో నడుస్తున్నవాడిని. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీరు వీడియోలో చూసిన ఆ పచ్చని గడ్డి కొండ ఖాళీ భూమి కాదు. గడ్డి పైన, లోయ మడతల్లో పొట్టి చెట్ల గుంపులు, వీటిని షోలా అంటారు. ఆ గడ్డి వేర్లే వాన నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వాగుల్లోకి వదులుతాయి. హేమావతి లాంటి నదులకు ఎండాకాలంలోనూ నీళ్లు ఉంటున్నాయంటే ఈ కొండల వల్లే. ఒక బండి నేరుగా పైకి ఎక్కితే గడ్డి రెండు గీతలుగా ఊడిపోతుంది. తర్వాతి వానకు ఆ రెండు గీతలే కాలువలవుతాయి, మరుసటి ఏడు మోకాలి లోతు గాడి. మట్టిరోడ్డు గారు పడింది అలాంటి గాడిలోనే అయ్యుంటుంది. మనం కొండకు చేసిందే మన బండిని పట్టుకుంటుంది.

చట్టం సంగతి. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడం, టెంటు వేయడం, మంట పెట్టడం కర్ణాటక అటవీ చట్టం 1963 కింద నేరం. అభయారణ్యం, నేషనల్ పార్కు అయితే 1972 వన్యప్రాణి చట్టం కూడా వస్తుంది. బండి స్వాధీనం చేసుకోవచ్చు. 2024 జనవరి సెలవుల్లో కుమార పర్వతం మీద ఒక్కసారిగా వేలమంది చేరితే, ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కులన్నిటినీ అటవీశాఖ కొంతకాలం ఆపేసింది. ముళ్లయ్యనగిరికి ఇప్పుడు బండ్లు ముందే రిజిస్టర్ చేసుకోవాలి. మనం జాగ్రత్తగా లేకపోతే గేట్లు ఒక్కొక్కటీ పడుతూనే ఉంటాయి.

మీరు వెళ్లొద్దని చెప్పడం లేదు. ఐదేళ్ల పాపకు ఆ కొండలు చూపించాలనుకోవడం చాలా మంచి కోరిక. కొండను కింది నుంచి నడిచి ఎక్కండి, బండిని ముందే ఉన్న మట్టి దారిలో నడపండి. రెండూ కుదురుతాయి.

జిమ్నీ_వైట్‌ఫీల్డ్

అడవిబాట గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. వీడియోలో అంతమంది వెళ్తున్నారు కాబట్టి వెళ్లొచ్చనుకున్నాను. ఆ కొండ వదిలేస్తున్నాం. మరి మట్టి దారులు, టెంటుకు చోటు, రెండూ అనుమతితో దొరికే ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

తోటదారి

ఉంది. నేను కాఫీ గింజల కొనుగోలు పనిమీద ఏడాదికి నాలుగైదు నెలలు హాసన్, చిక్కమగళూరు తోటల్లోనే తిరుగుతాను. సకలేశపుర చుట్టుపక్కల కొన్ని పెద్ద తోటల్లో లోపలే ఆరేడు కిలోమీటర్ల మట్టి దారులుంటాయి, ట్రాక్టర్లు, పాత జీపులు తిరిగేవి. ఏటవాలు, రాళ్లు, బురద, చిన్న వాగు, మీకు కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి. యజమానితో నేరుగా మాట్లాడి, మనిషికింత అని ఇచ్చి, దారి చూపడానికి తోట మనిషిని వెంట తీసుకుని తిరగొచ్చు.

అయితే తేదీ విషయంలో మీరు అనుకోకుండానే సరైన వారం పట్టారు. అరబికా కోతలు నవంబరు చివర్లో ఊపందుకుంటాయి, జనవరి దాకా నడుస్తాయి, తర్వాత రోబస్టా. కోతలు మొదలయ్యాక ఏ యజమానీ మన బండ్లను రానివ్వడు, రానివ్వకూడదు కూడా. దారుల నిండా కూలీలు, బస్తాలు ఉంటాయి. ఇంకో మాట. తోట బంగళా ముందు చదునుగా, శుభ్రంగా పెద్ద కళ్లం కనిపిస్తుంది. పార్కింగుకు బాగుందని అందరూ అక్కడికే వెళ్తారు. అది గింజలు ఆరబెట్టే చోటు. టైర్ల మట్టి, డీజిల్ చుక్క పడితే గింజకు వాసన పడుతుంది. అక్కడ బండి పెట్టారంటే ఆ యజమాని మళ్లీ ఎవరినీ పిలవడు.

నాకు తెలిసిన ఒక యజమానిని అడుగుతాను. పేరు, నంబరు ఇక్కడ రాయను, ఒప్పుకుంటే మీకు విడిగా పంపుతాను.

బెళ్లందూరు_అమ్మ

జిమ్నీ గారింట్లో వాళ్లలాగే నాకూ ఇద్దరు చిన్నపిల్లలు, అందుకే చదువుతున్నాను. రెండు ప్రశ్నలు. ఆడవాళ్లకు, పిల్లలకు టాయిలెట్ ఏర్పాటేమిటి? ఏ క్యాంపు ప్లాన్‌లోనూ ఇది ఎవరూ రాయరు, అక్కడికి వెళ్లాక ఇబ్బంది పడేది మేమే. రెండోది, సకలేశపుర అంటేనే ఏనుగుల వార్తలు వస్తుంటాయి. టెంట్లో పిల్లలతో పడుకోవడం నిజంగా క్షేమమేనా?

తోటదారి

అమ్మా, రెండూ అడగవలసినవే. బంగళాకు వంద అడుగుల లోపల టెంట్లు వేసుకునే చోటే అడుగుతాను. బంగళా వెనక రెండు బాత్రూములు, వేడినీళ్ల బాయిలర్ ఉంటాయి. అక్కడ కట్టెల బాయిలరే, పొద్దున ఆరుకల్లా వెలిగిస్తారు.

ఏనుగుల సంగతి దాచకుండా చెబుతాను. సకలేశపుర, ఆలూరు, బేలూరు తాలూకాల్లో ఏనుగులు తోటల్లోకి రావడం మామూలు, మనుషులు చనిపోయారు కూడా. అవి ఎక్కడ తిరుగుతున్నాయో అటవీశాఖ నుంచి ఊళ్లవాళ్ల ఫోన్లకు కబురు వస్తుంది. యజమానిని శుక్రవారం రాత్రి ఒకసారి, శనివారం మధ్యాహ్నం ఒకసారి అడగండి. ఆ చుట్టుపక్కల మంద ఉందంటే టెంట్లు లేవు, బంగళా వరండాలో పరుపులేసుకుని పడుకోవడమే. పనసపండు, అరటిపండ్లు, బెల్లం లాంటివి టెంట్లో గానీ బండిలో గానీ పెట్టొద్దు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా తోట దారుల్లో నడక వద్దు, కుక్కను తీసుకెళ్లొద్దు. కుక్క ఏనుగును చూసి మొరిగి, భయపడి మన దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకే ఏనుగు.

పాతడస్టర్

జిమ్నీ వాళ్ల బావని. ఈ చర్చ చదివి ఇప్పుడే చేరాను. బండి బాగానే ఉంది, క్లచ్ పోయినేడు మార్పించాను, టైర్లు మామూలు రోడ్డు టైర్లు. నా వల్ల మిగతావాళ్ల ట్రిప్ చెడకూడదు. నా బండి తీసుకురావాలా వద్దా, ఉన్నదున్నట్టు చెప్పండి.

హోసూరు_గూర్ఖా

అన్నా, తీసుకురండి, అయితే అన్ని చోట్లకీ కాదు. మీ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు, జిమ్నీకి కూడా అంతే. తేడా వేరే చోట ఉంది. జిమ్నీ, థార్‌లలో ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టెలో, ఫోర్ లో ఉంటుంది. గేరు ఇంకా కిందికి దిగి, బండి నడక వేగంతో, యాక్సిలరేటర్ దాదాపు తొక్కకుండా రాళ్లు ఎక్కుతుంది, దిగేటప్పుడు ఇంజనే పట్టి ఉంచుతుంది. మీ డస్టర్‌లో మొదటి గేరు పొట్టిగా ఇచ్చారు, లాక్ మోడ్ ఉంది, కానీ ఫోర్ లో లేదు. ఏటవాలులో నెమ్మదిగా ఎక్కాలంటే హాఫ్ క్లచ్ మీద నడపాల్సి వస్తుంది. పది నిమిషాలు అలా నడిపితే క్లచ్ కాలిన వాసన, ఇంకో పది నిమిషాలకు బండి ఆగిపోతుంది. పైగా ముందు బంపర్ కిందికి వేలాడుతుంది, గాడిలో దిగి ఎక్కేటప్పుడు మొదట అదే తగులుతుంది.

అందుకని దారిని రెండు ముక్కలు చేసుకోండి. మెయిన్ రోడ్డు నుంచి బంగళా దాకా, మొదటి కిలోమీటరు చదును మట్టి దారి, డస్టర్ వస్తుంది. తర్వాత దాన్ని బంగళా దగ్గర పెట్టి అందరూ రెండు బండ్లలో సర్దుకోండి. రెండు విడతలుగా తిప్పినా పర్వాలేదు. ఏ గుంపులోనైనా దారిని ఎంచుకోవాల్సింది అందరికంటే తక్కువ శక్తి ఉన్న బండిని, అందరికంటే కొత్త డ్రైవర్ని చూసి.

మట్టిరోడ్డు

ఇప్పుడు రికవరీ సామాను, అంటే ఇరుక్కున్న బండిని బయటికి తీసే సామాను. దీని మీద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ సరదాలో మనుషులు చచ్చిపోయేది కొండల మీద నుంచి పడి మాత్రమే కాదు, తాడు తెగి కూడా.

మామూలు టోయింగ్ తాడు సాగదు. చెడిపోయిన బండిని రోడ్డు మీద మెల్లగా లాగడానికి పనికొస్తుంది. బురదలో ఇరుక్కున్న బండిని దానితో గుంజితే ఆ అదురంతా హుక్కు మీద పడుతుంది, హుక్కు ఊడి తూటాలా వస్తుంది. దీనికి కావలసింది కైనెటిక్ తాడు. అది 20 నుంచి 30 శాతం దాకా సాగి, ఆ బలాన్ని మెల్లగా బండికి ఇస్తుంది. దానితోపాటు తాడును బండికి తగిలించడానికి 4.75 టన్నుల బో షాకిల్‌లు (ఇనుప కొక్కేలు) రెండు, లేదా తాడుతోనే చేసిన సాఫ్ట్ షాకిల్‌లు. సాఫ్ట్ షాకిల్ అయితే ఇంకా మంచిది, తెగినా ఇనుప ముక్క ఎగరదు.

తాడు తగిలించే చోటు ముఖ్యం. వెనక ట్రైలర్ కోసం పెట్టించుకునే గుండు మీద తాడు ఎప్పుడూ వేయొద్దు, అది ఊడి అద్దంలోంచి వచ్చి డ్రైవర్లు చనిపోయిన సంఘటనలు వేరే దేశాల్లో చాలా ఉన్నాయి. బండి కింద కనిపించే చిన్న వంకీలన్నీ కూడా రికవరీకి కావు, కొన్ని లారీలో బండిని కట్టడానికి మాత్రమే ఇస్తారు. మీ ఓనర్స్ మాన్యువల్‌లో ఏది దేనికో చూసి, ఇంటి దగ్గరే రంగు టేపు అంటించి పెట్టుకోండి. చీకట్లో, వానలో కింద పడుకుని వెతకడం కష్టం.

లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచో, మందపాటి దుప్పటో వేయండి. రెండు బండ్లలో డ్రైవర్లు తప్ప ఎవరూ ఉండకూడదు. మిగతావాళ్లు తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు నిలబడాలి. పిల్లలు ఇంకా వెనక, ఒక పెద్దమనిషి వాళ్ల చేతులు పట్టుకుని. చెప్పేది ఒక్కరే, స్పాటర్ (బయట నిలబడి డ్రైవర్‌కి దారి చెప్పేవాళ్లు) ఒక్కరే. నలుగురు నాలుగు పక్కల నుంచి లెఫ్ట్, రైట్ అని అరిస్తే డ్రైవర్ ఎవరి మాటా వినలేడు.

ఇంతా చెప్పి, తాడు ఆఖరి మార్గం. మొదట పార. చక్రం ముందు మట్టి తీసి, రాళ్లో, ట్రాక్షన్ బోర్డులో (చక్రానికి పట్టు ఇచ్చే పలకలు) పెడితే సగానికి పైగా బండ్లు వాటంతటవే వస్తాయి. మంచి మడత పార కొనండి, లేకపోతే తోటలో అడగండి, అక్కడ ఉండనే ఉంటుంది.

కొత్తథార్

నేనే ఆ ఆఫీసు ఫ్రెండ్‌ని. టైర్లలో గాలి ఎంతకు తగ్గించాలి? నా బండి 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్తుందని కంపెనీ చెబుతుంది, అంటే తోటలో వాగు భయం లేనట్టేనా?

హోసూరు_గూర్ఖా

గాలి: రోడ్డు మీద 30 దాకా ఉంచుతాం కదా, మట్టి దారి మొదలయ్యే చోట 22 పీఎస్ఐకి దించండి. బురద ఎక్కువైతే 20. మామూలు రిమ్ములతో 18 కంటే కిందికి మొదటిసారే వెళ్లొద్దు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది, రాయి తగిలితే పగలకుండా మెత్తగా ఒదుగుతుంది. మళ్లీ తారు రోడ్డు ఎక్కేముందు నింపాల్సిందే, కాబట్టి బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే 12 వోల్టుల కంప్రెసర్ ఒక్కటైనా ఉండాలి. ఇంకోటి, మీ ఇద్దరి బండ్లలో ఫోర్ హై (మామూలు గేర్లతోనే నాలుగు చక్రాలకూ బలం) ఆరిన తారు రోడ్డు మీద వాడొద్దు. ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో కట్టేసినట్టు తిరుగుతాయి, మలుపుల్లో గేర్ల మీద ఒత్తిడి పెరిగిపోతుంది.

నీళ్లు: 650 అనేది నిలకడ నీటికి, గట్టి నేలకు చెప్పిన లెక్క. వాగులో నీళ్లు పారుతుంటాయి, కింద ఏముందో తెలియదు. ముందు కర్రతో ఒక మనిషి నడిచి వెళ్లాలి. మనిషి నడవలేని నీళ్లలో బండి దిగకూడదు. లోతు చక్రం మధ్య భాగం దాటితే నేనైతే వెనక్కి తిప్పుతాను. దిగితే ఫోర్ లో, ఒకే గేరు, ఒకే వేగం, మధ్యలో క్లచ్ తొక్కొద్దు. ఇంజన్ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, దయచేసి చేయొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో అది రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకుని ఉండాలి.

డాక్టరమ్మ_ఇందిరానగర్

నేను డ్యూటీ నుంచి వచ్చి రాస్తున్నాను, నాకు ముఖ్యమనిపించినవే చెబుతాను.

అన్నిటికంటే ముందు బొగ్గుల కుంపటి. చలికి పిల్లలు వణుకుతున్నారని కుంపటినో, గ్యాస్ హీటర్‌నో టెంట్లో పెట్టి జిప్పు వేసుకునేవాళ్లున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి బండిలో పడుకోవడం కూడా ఇంతే. అక్కడ నవంబరు రాత్రి 15, 16 డిగ్రీలుంటుంది, కింద మందపాటి మ్యాట్, పైన రగ్గు, పిల్లలకు టోపీ, సాక్సులు, అవి చాలు. చలి పైనుంచి కాదు, నేల నుంచి ఎక్కుతుంది.

జలగలు. తడి ఉన్న చోట తప్పవు. పట్టుకుంటే గుంజొద్దు, గోటితో నోటి దగ్గర పక్కకు తోస్తే వదిలేస్తుంది. రక్తం కాసేపు ఆగదు, భయపడొద్దు, సబ్బుతో కడిగి గుడ్డతో అదిమి పట్టండి. పిల్లలకు ముందే చూపించి చెప్పండి, ఏడవరు. పిడుదులు అంతకంటే జాగ్రత్తగా చూడాలి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడిన కోతి జ్వరం వీటి ద్వారానే వస్తుంది, డిసెంబరు నుంచి మే దాకా కేసులు ఎక్కువ. పొడుగు ప్యాంటు, సాక్సుల లోపలికి దోపి ఉంచండి. సాయంత్రం పిల్లల చెవుల వెనక, చంకల్లో, నడుము చుట్టూ చూడండి. వచ్చాక రెండు వారాల్లో గట్టిగా జ్వరం వస్తే కొండలకు వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం వద్దు. కాలు కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా బండిలో తీసుకెళ్లండి. సకలేశపురలో తాలూకా ఆసుపత్రి ఉంది, పెద్ద ఆసుపత్రి హాసన్‌లో, 40 కిలోమీటర్లు. అందుకే రాత్రి ఒక బండి ముందుభాగం గేటు వైపు పెట్టి, తాళం ఎక్కడుందో అందరికీ తెలిసేలా ఉంచండి. డ్రైవర్లలో ఒక్కరైనా ఆ రాత్రి మందు ముట్టకూడదు.

బెళ్లందూరు_అమ్మ

డాక్టర్ గారూ, ఆఖరి వాక్యానికి ప్రత్యేకంగా థాంక్స్.

తిండి గురించి నా అనుభవం. మొదటి రాత్రి అక్కడ వంట పెద్దగా పెట్టుకోవద్దు. ఇంటి నుంచే పులిహోర, చపాతీలు తీసుకెళ్లండి, చికెన్ ముందు రోజే మసాలా పట్టించి డబ్బాలో గడ్డకట్టించి ఐస్‌బాక్స్‌లో పెడితే అదే ఐసులా పనిచేస్తుంది, సాయంత్రానికి వండే స్థితికి వస్తుంది. అన్నం ఒక్కటి అక్కడ వండుకుంటే గోంగూర పచ్చడితో అందరికీ సరిపోతుంది. పొద్దున ఉప్మాకు రవ్వ వేయించి, పోపు కలిపి తెచ్చుకుంటే నీళ్లు మరిగించడమే పని. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగే నీళ్లు, 20 లీటర్ల క్యాన్లు నాలుగు. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలకు పొద్దున పాలు ఇవ్వొద్దు.

అడవిబాట

చెత్త మొత్తం తిరిగి బెంగళూరుకే. తడి తుడుపు కాగితాలు, డైపర్లు కూడా, పాతిపెట్టొద్దు, అడవి పందులు తవ్వి తీస్తాయి. స్పీకరు వద్దు.

జిమ్నీ_వైట్‌ఫీల్డ్

తోటదారి గారి ద్వారా యజమానితో మాట్లాడాను. ఒప్పుకున్నారు. మారిన ప్లాన్ ఇలా ఉంది.

శుక్రవారం రాత్రే సామాను సర్ది, శనివారం పొద్దున నాలుగున్నరకు బయలుదేరుతున్నాం. నైస్ రోడ్డు దిగాక మాదావర దగ్గర మూడు బండ్లూ కలుస్తాయి. హాసన్‌లో ట్యాంకులు నింపుతాం, నా బండికి 40 లీటర్లే, ఫోర్ లో నడిపితే గబగబా తాగేస్తుందని విన్నాను. పదకొండుకల్లా తోట. ముందు టెంట్లు, తర్వాత భోజనం. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా మట్టి దారి, తోట మనిషి నా బండిలో ముందు కూర్చుంటారు. నాలుగింటికి బండ్లు ఆపేస్తాం. ఆదివారం పొద్దున పిల్లలతో నడక, టైముంటే మంజరాబాద్ కోట. టిప్పు సుల్తాన్ 1792లో నక్షత్రం ఆకారంలో కట్టించిన కోట అని చెప్పగానే పిల్లలు దానికే ఎక్కువ ఎదురుచూస్తున్నారు. మూడింటికి తిరుగు ప్రయాణం.

కైనెటిక్ తాడు, సాఫ్ట్ షాకిల్‌లు కొన్నాను. కంప్రెసర్ కొత్తథార్ దగ్గర ఉంది. వాకీటాకీలు 446 మెగాహెర్ట్జ్‌వి తీసుకున్నాం, వాటికి లైసెన్స్ అక్కర్లేదు. పోయిన ఆదివారం లేఅవుట్‌లో గాలి దించి, నింపి చూసుకున్నాం, నాలుగు టైర్లకు పావుగంట పట్టింది. ఇంకేమైనా మర్చిపోయామా?

మట్టిరోడ్డు

ఎక్కడ వెనక్కి తిరగాలో ముందే అనుకోండి. అక్కడికెళ్లాక అనుకుంటే తిరగబుద్ధి కాదు. ఎవరు ఒక్కరు వద్దన్నా, పిల్లలైనా సరే, అందరూ ఆగాలి.

జిమ్నీ_వైట్‌ఫీల్డ్

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాం. అందరం బాగున్నాం. జరిగింది రాస్తున్నాను, తర్వాత వెళ్లేవాళ్లకు పనికొస్తుంది.

శుక్రవారం రాత్రి అక్కడ వాన పడిందట. దారంతా ఎర్రమట్టి, సబ్బులా జారుతోంది. 22 పీఎస్ఐకి దించాక తేడా స్టీరింగులోనే తెలిసింది. రెండో కిలోమీటరులో దిగుడులో కొత్తథార్ బండి వెనక చక్రం గాడిలోకి జారింది. నేను వెంటనే తాడు తీశాను. తోట మనిషి చెయ్యి అడ్డుపెట్టి, వద్దు సార్ అని పార తీసుకుని చక్రం ముందు వాలుగా తవ్వి, సిల్వర్ ఓక్ కొమ్మలు, రాళ్లు పరిచారు. మేం కూడా చెయ్యేశాం. ఇరవై నిమిషాలు పట్టింది, బండి ఫోర్ లో మొదటి గేరులో మెల్లగా దానంతటదే ఎక్కొచ్చింది. కొన్న తాడు సంచిలోంచి బయటికి రానేలేదు.

వాగు దగ్గర ఆగిపోయాం. తోట మనిషి కర్రతో దిగారు, నీళ్లు ఆయన మోకాలు దాటాయి, మామూలుగా మడమ దాకే ఉంటాయట. అప్పటికి రెండున్నర. అవతల వ్యూ పాయింటు కనిపిస్తూనే ఉంది. కొత్తథార్, నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. వెనక సీట్లోంచి మా పాప, నాన్నా నాకు భయంగా ఉంది అంది. మట్టిరోడ్డు గారి మాట గుర్తొచ్చింది. బండ్లు అక్కడే తిప్పాం.

సాయంత్రం కబురు కనుక్కుంటే మంద పదిహేను కిలోమీటర్ల అవతల ఉందన్నారు, టెంట్లలోనే పడుకున్నాం. పొద్దున ఆరుంపావుకి పిల్లలను లేపి వరండా మెట్ల మీద కూర్చోబెట్టాం. కింద లోయ మొత్తం మంచు, దాని పైన కొండ కొనలు మాత్రమే. అరగంట ముగ్గురూ ఒక్క మాట మాట్లాడలేదు. బావగారు డస్టర్ పక్కన కుర్చీ వేసుకుని అంతసేపూ వాళ్లనే చూస్తూ కూర్చున్నారు.

అవును, జలగలు నాలుగు పట్టాయి, డాక్టర్ గారు చెప్పినట్టే తీశాం, పెద్దవాడు తనంతట తనే తీసుకున్నాడు. రాగానే అందరినీ పిడుదుల కోసం చూశాం, ఏమీ లేవు.

తోటదారి

యజమాని ఫోన్ చేశారు. కళ్లం జోలికి వెళ్లలేదని, చెత్త సంచులు మూడు బండిలో పెట్టుకెళ్లారని ప్రత్యేకంగా చెప్పారు. మార్చిలో రోబస్టా కోతలు అయిపోయాక మళ్లీ రమ్మన్నారు, అప్పటికి వాగులో నీళ్లు ఉండవు, అవతలి వ్యూ పాయింటు దాకా వెళ్లొచ్చు.

పాతడస్టర్

మార్చికి నేను సిద్ధం. పాప నీలం టార్చి నా బండి వెనక సీటు కింద దొరికింది, రేపు సాయంత్రం తెచ్చిస్తాను, వెతకొద్దని చెప్పండి.